హైదరాబాద్‌లో ఏడాది పొడవునా ఎండ, వాన అసలు లెక్క ఏంటి? ఇల్లు మొదలుపెట్టాలి, కొంచెం చెప్పండి

నాగారం కొత్తిల్లు:

అందరికీ నమస్తే. పదకొండేళ్ళు చెన్నైలో ఉండి ఇప్పుడు హైదరాబాద్ వచ్చేశాం. నాగారం వైపు ఎప్పుడో కొనిపెట్టుకున్న 200 గజాల ప్లాట్ ఉంది, అందులో ఇల్లు కట్టుకుందామని. స్లాబ్ 1,200 చదరపు అడుగులు వస్తుందన్నారు. ఇద్దరు చిన్న పిల్లలు, మా అమ్మానాన్నలు కూడా మాతోనే ఉంటారు.

ఇంట్లో ఎవరి మాట వాళ్ళది. పంతులు గారు ఆషాఢం వద్దు, శ్రావణంలో శంకుస్థాపన చేసుకోండి అన్నారు. మేస్త్రీ ఏమో ఎప్పుడైతే ఏంటి సార్ డబ్బులుంటే చాలు అంటాడు. మా మామగారు సంక్రాంతి పోయాక మొదలుపెట్టండి అంటున్నారు. నేను నెట్‌లో చూస్తే హైదరాబాద్‌కి ఏడాదికి 800 మి.మీ. పైచిలుకు వాన, ఏడాది సగటు ఉష్ణోగ్రత 27 డిగ్రీలకి దగ్గర్లో అని ఉంది. చెన్నైలో 1,400 దాకా పడుతుంది. మరి అందులో సగం కంటే కాస్త ఎక్కువ పడే ఊళ్ళో ప్రతి ఏడూ వార్తల్లో కార్లు కొట్టుకుపోవడం ఏంటి? 27 డిగ్రీలంటే ఏసీ కూడా అక్కర్లేదు కదా, కానీ మా ఆఫీసులో వాళ్ళు మే నెలలో పై అంతస్తులో నిద్రే పట్టదంటున్నారు.

నాకు కావాల్సినవి మూడే: పని ఎప్పుడు మొదలుపెట్టాలి, వాన నీళ్ళకి సంపు ఎంత కట్టించాలి, పై అంతస్తు వేడికి ఇప్పుడే ఏమైనా చేసుకోవాలా. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

దక్కన్ వానలెక్క:

మీ తికమకంతా ఆ సగటు దగ్గరే ఉంది. 27 డిగ్రీలు అన్నది మే మధ్యాహ్నాన్నీ డిసెంబరు తెల్లవారుజామునీ కలిపి రుబ్బితే వచ్చిన అంకె, ఆ అంకెతో ఇల్లు కట్టలేం. నెలనెలా చూడాలి. నేను చాలా ఏళ్ళుగా వాతావరణ శాఖ అంకెలు రాసుకుంటూ ఉంటాను (మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది, వదిలేయండి), అందుకని కొంచెం పొడుగ్గా చెప్తాను, ఓపిక ఉంటే చదవండి.

జనవరిలో పగలు 28, 29 డిగ్రీలు, తెల్లవారుజామున 14, 15. ఊరి మధ్య కంటే పటాన్‌చెరు వైపు, హెచ్‌సీయూ (సెంట్రల్ యూనివర్సిటీ) వైపు ఎప్పుడూ చలి ఎక్కువ, అక్కడ కొన్ని రోజులు 10 కిందికి కూడా పోతుంది. వాతావరణ శాఖ కొలిచే బేగంపేటలో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ 6.1 డిగ్రీలు, అది 1946 జనవరి సంగతి. శివరాత్రికి చలి శివ శివా అంటూ పోతుందంటారు కదా, ఇక్కడ అది ఇంచుమించు నిజమే, ఫిబ్రవరి చివరికే మధ్యాహ్నం ఫ్యాన్ వేసుకుంటాం. మార్చిలో 35, ఏప్రిల్‌లో 37, 38, మేలో సగటున 39. సగటున అంటే నాలుగైదు రోజులు 42, 43 ఉంటాయి, ఒక సాయంత్రం గాలివాన వచ్చి 36కి పడిపోతుంది, అవన్నీ కలిపితే 39 అని. రికార్డు మాత్రం మే నెలది కాదు, 1966 జూన్ 2న 45.5. ఆ ఏడు రుతుపవనాలు వచ్చేలోపు రోహిణి కార్తె తన పని తాను చేసుకుపోయిందన్నమాట.

జూన్ రెండో వారానికి మబ్బు పడుతుంది, అంతే, పగటి వేడి ఒక్కసారిగా దిగుతుంది. జూన్ సగటు 34, జూలైలో 31, ఆగస్టులో 30. తమాషా ఏంటంటే హైదరాబాద్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి ఏడాదిలో రెండుసార్లు వస్తాడు, మే 9 దగ్గర ఒకసారి, ఆగస్టు 3 దగ్గర ఇంకోసారి. ఆ రెండు రోజులూ మిట్టమధ్యాహ్నం నిలువుగా పెట్టిన కర్రకి నీడే పడదు. సూర్యుడు అదే, ఎత్తూ అదే, కానీ మేలో మాడిపోతాం, ఆగస్టులో గొడుగు పట్టుకుంటాం. తేడా అంతా మబ్బుదీ తడి నేలదీ.

ఇక వాన. జూన్‌లో 100 మి.మీ. అటూ ఇటూ, జూలై, ఆగస్టు, సెప్టెంబరు ఒక్కో నెల 150 నుంచి 200 మధ్య, అక్టోబరు మళ్ళీ 100 దగ్గర. ఈ అయిదు నెలల్లోనే ఏడాది వాన దాదాపు అంతా పడిపోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చెప్పుకోదగ్గ వానే ఉండదు, ఏ బంగాళాఖాతం తుపానో ఇటు తిరిగితే తప్ప. మీరు చెన్నైలో చూసింది దీనికి పూర్తిగా తిరగేసిన క్యాలెండర్. అక్కడ అక్టోబరు, నవంబరు, డిసెంబరు అసలు వానాకాలం. అందుకే చెన్నై నుంచి వచ్చినవాళ్ళు జూలైలో ధీమాగా గొడుగు ఇంట్లో వదిలేసి తిరుగుతుంటారు.

ఇంకోటి, ఏడాదిలో వాన పడిన రోజు అని శాఖ లెక్కేసేది 2.5 మి.మీ. అయినా పడితేనే. అలాంటివి ఇక్కడ యాభై అటూ ఇటూ ఉంటాయి. అవి కూడా సమానంగా పంచుకోవు. 2000 ఆగస్టు 24 గుర్తుందా ఎవరికైనా? బేగంపేటలో 24 గంటల్లో 241.5 మి.మీ. ఏడాది వానలో పావు వంతు కంటే ఎక్కువ ఒక్క రోజులో. మీరడిగిన కార్లు కొట్టుకుపోవడానికి జవాబు అక్కడ ఉంది. ఏడాదికి ఎంత పడిందనేది రైతుకి, చెరువుకి కావాలి, కాలనీకి కావాల్సింది గంటలో ఎంత పడిందని.

సైట్ మీదే ఉంటా:

వానలెక్క అన్న చెప్పింది కరెక్ట్, నేను పని సంగతి చెప్తా. ఇరవై ఏళ్ళుగా సైట్ల మీదే ఉన్నా.

శ్రావణంలో శంకుస్థాపన చేసుకోండి, కొబ్బరికాయ కొట్టండి, అంతవరకు ఓకే. కానీ పునాది గుంటలు మాత్రం అప్పుడే తవ్వకండి. తవ్విన మర్నాడు వాన పడితే గుంటలు నిండుతాయి, మోటారు పెట్టి తోడాలి, అంచులు కూలతాయి, అడుగున బురద మళ్ళీ తీయాలి, కూలీ రెండింతలు. పోయినేడు ఒకాయన సైట్‌లో మూడుసార్లు తోడాం, మూడోసారి ఆయనే నవ్వేశాడు పాపం. దసరా దాటాక, అక్టోబరు చివర్లో తవ్వండి. వాన వెనక్కి పోయాక నేల ఇంకా మెత్తగానే ఉంటుంది కాబట్టి తవ్వడం కూడా తేలిక. నాగారం వైపు కొన్నిచోట్ల మూడడుగులకే బండ తగులుతుంది, అలా తగిలితే పునాదికి మీ అదృష్టమే.

నవంబరులో పునాది, డిసెంబరులో పిల్లర్లు, జనవరి చివరికో ఫిబ్రవరి మొదట్లోనో స్లాబ్ పడేలా చూసుకోండి. మీ మామగారి మాట ప్రకారం సంక్రాంతి పోయాక మొదలుపెడితే స్లాబ్ ఏప్రిల్ ఎండలో పడుతుంది, అది నేను ఒప్పుకోను. ఎండలో సిమెంట్ గట్టిపడకముందే పైన తడి ఆరిపోయి వెంట్రుక పగుళ్ళు వస్తాయి. వేయొద్దని కాదు, వేస్తే సాయంత్రం వేయండి, మర్నాడు పొద్దున్నే మళ్ళు కట్టి నీళ్ళు నిలబెట్టండి. ఎండ లేని రోజుల్లో మామూలు ఓపీసీ సిమెంట్‌కి 7 రోజులు, పీపీసీకి (బూడిద కలిపిన సిమెంట్) 10 రోజులు తక్కువ కాకుండా క్యూరింగ్ చేయాలి, అంటే తడిపి ఉంచాలి, మంచి ఎండల్లో అయితే పీపీసీకి 14 రోజులు తడి ఆరనీయకూడదు. పిల్లర్లకి గోనె సంచులు చుట్టి తడపాలి. ఏప్రిల్‌లో ఆ నీళ్ళు ఎక్కడివి? ట్యాంకరే. చలికాలంలో ఆ ఖర్చు సగానికి సగం తగ్గుతుంది.

మేస్త్రీ ఎప్పుడైనా ఒకటే అంటాడు, ఎందుకంటే నీళ్ళ బిల్లు ఆయన కట్టడు.

విశాఖ ఉప్పుగాలి:

హైదరాబాద్‌వాళ్ళు 40 డిగ్రీలని గోల చేస్తుంటే మాకు నవ్వొస్తుంది. మా విశాఖలో 34 ఉన్నా చొక్కా పిండితే చెంబుడు నీళ్ళు వస్తాయి. మీకు రాత్రి పదింటికి మేడ మీద చల్లగాలన్నా వస్తుంది కదా.

దక్కన్ వానలెక్క:

ఒప్పుకుంటా ఉప్పుగాలి గారు 😀 మా ఊరు సముద్రానికి 540 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పొడిగా ఉంటుంది, పొడి నేల పొద్దుగూకగానే వేడి వదిలేస్తుంది. మే రాత్రి 26కి దిగుతుంది. కానీ అది పాత హైదరాబాద్ సుఖం. ఇప్పుడు చుట్టూ కాంక్రీటు, తారు, ఆ వేడంతా రాత్రికి బయటికి వస్తోంది, పన్నెండింటికి కూడా గోడ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంటుంది.

చాంద్రాయణగుట్ట పాత కాపు:

అందరూ ఎప్పుడు కట్టాలో చెప్తున్నారు, ఎక్కడ కడుతున్నారో ఎవరూ అడగట్లేదు. నాగారం బాబూ, మీ ప్లాట్‌కి పైన చెరువు ఉందా? కింద ఉందా? ఇప్పుడు లేకపోతే ముందు ఉండేదా?

నా సంగతి చెప్తా. లేఅవుట్ వేసినాయన మాకు ఇది పట్టా భూమి, ఏ ఇబ్బందీ లేదని చెప్పి అమ్మాడు. 2020 అక్టోబరు 13 రాత్రి తెలిసింది అది నీళ్ళ దారి అని. ఆ పొద్దున కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం నేరుగా తెలంగాణ మీదుగా పడమటికి నడిచింది. బేగంపేటలో 190 మి.మీ. దాకా పడింది, మీ పక్కనే ఉన్న ఘట్‌కేసర్ దగ్గరైతే 300 దాటింది. మా పైన చెరువు కట్ట తెగింది. మా నాన్నని భుజం మీద వేసుకుని పక్కింటి రెండో అంతస్తుకి ఎక్కించాను, కింద ఫ్రిజ్ తేలుతోంది, దాని మీద మా పిల్లి కూర్చుంది. పిల్లి బతికింది, ఫ్రిజ్ పోయింది. నాలుగు రోజులకే, 17న మళ్ళీ గట్టి వాన. తుడిచిన ఇల్లు మళ్ళీ తుడుచుకున్నాం.

వానాకాలం అయిపోయిందనుకునే టైమే ఇక్కడ ప్రమాదం. 1908 మూసీ వరద కూడా సెప్టెంబరు 28న, జూలైలో కాదు. అప్పటికి చెరువులన్నీ నిండి ఉంటాయి, నేల తాగేంత తాగేసి ఉంటుంది, ఆ పైన ఒక పెద్ద వాన పడితే వెళ్ళడానికి చోటుండదు. ఆ వరదలో వేల మంది పోయారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని మా తాత చెప్పేవాడు, ఆ చెట్టు ఇప్పటికీ ఉంది, ఎప్పుడైనా అటు వెళ్తే చూడండి. ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు, ఆయన సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అవి కట్టింది మొదట వరద ఆపడానికి. మనం తాగే నీళ్ళు ఆ తర్వాతి లాభం.

కాబట్టి ముందు ఎఫ్‌టీఎల్ మ్యాపు (చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు ఎంతదాకా వస్తాయో చూపించేది) చూసుకోండి. 10 హెక్టార్లు దాటిన చెరువైతే దాని ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు బఫర్, అంటే ఇల్లు కట్టకూడని జాగా. కాగితం మీద సరిపోయినా ఒక గట్టి వాన రోజు స్వయంగా వెళ్ళి ప్లాట్ ముందు గొడుగేసుకుని అరగంట నిలబడండి. నీళ్ళు ఎటు నుంచి వచ్చి ఎటు పోతున్నాయో కళ్ళతో చూడండి. నేను ఆ పని చేయలేదు.

నాగారం కొత్తిల్లు:

పాత కాపు గారూ, చదువుతుంటే టెన్షన్ వచ్చేసింది. ప్లాట్‌కి కిలోమీటరు దూరంలో చెరువు ఉంది, మేం దానికంటే ఎత్తునే ఉన్నాం, అయినా మీరు చెప్పినట్టు వాన రోజు వెళ్ళి చూస్తా. సైట్ మీదే ఉంటా అన్నా, మామగారికి మీ రిప్లై చూపించాను, ఆయన ఏమీ అనలేదు, అంటే ఒప్పుకున్నట్టే.

సంపు సంగతి ఎవరూ చెప్పలేదు. 1,200 అడుగుల స్లాబ్ మీద ఏడాది వానంతా పట్టుకుంటే ట్యాంకర్ అవసరమే ఉండదా?

దక్కన్ వానలెక్క:

లెక్క తేలికే. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. మీ స్లాబ్ 111 చదరపు మీటర్లు. 800 మి.మీ. అంటే 89 వేల లీటర్లు, ఆవిరి, చిందులు, మొదటి వానల మురికి నీళ్ళు తీసేస్తే 70 వేలు అనుకోండి. 5 వేల లీటర్ల ట్యాంకర్లు పద్నాలుగు. ఆరుగురున్న ఇల్లు ఒక్కొక్కరికి రోజుకి 100 లీటర్లు వాడినా నాలుగు నెలలు కూడా రాదు. పైగా ఆ 70 వేలూ నిల్వ చేయాలంటే ఇంటి కింద ఇంకో ఇల్లంత సంపు కావాలి, వానలన్నీ నాలుగైదు నెలల్లో వచ్చి మీకు కరువేమో ఏప్రిల్, మేలో.

అందుకని 10 వేల లీటర్ల సంపు చాలు. 100 మి.మీ. వాన పడిన రోజు మీ స్లాబ్ నుంచే 11 వేల లీటర్లు వస్తాయి, ఒక్క వానకే సంపు నిండిపోతుంది. మిగిలిందంతా ఇంకుడు గుంతలోకి పంపి బోరు పక్కన దింపండి. గుంతలో అడుగున పెద్ద రాయి, దాని మీద 40 ఎం.ఎం. కంకర, ఆపైన 20 ఎం.ఎం., పైన ఇసుక, ఏటా మేలో ఆ ఇసుక తీసి కడగాలి, లేకపోతే రెండేళ్ళకే గుంత మూసుకుపోతుంది. బండ మూడడుగులకే తగిలితే నీళ్ళు ఇంకవు, నిలుస్తాయి, అప్పుడు గుంతని బోరు వైపు పగుళ్ళున్న చోటుకి జరపాలి, తెలిసినవాళ్ళకి చూపించండి. మనది గ్రానైట్ నేల, నీళ్ళు పైనున్న మెత్తటి పొరలో, పగుళ్ళలో తప్ప దిగవు.

పైపులు కూడా చూసుకోండి. గంటకి 60 మి.మీ. వేగంతో కురిసిందంటే నిమిషానికి ఒక మిల్లీమీటరు, అంటే మీ మేడ మీద నిమిషానికి 110 లీటర్లు దిగాలి. ఒక్క సన్న పైపు పెట్టి వదిలేస్తే మేడ చెరువవుతుంది. నాలుగంగుళాల పైపులు రెండు మూలలా పెట్టించండి.

రోజూ చూసే యాప్:

బ్రో ఈ సగటులు ముప్పై ఏళ్ళ కిందటివి, ఇప్పుడు కాలమే మారిపోయింది, వీటిని నమ్ముకుని ఇల్లు కట్టుకుంటే అంతే. నా ఫోన్‌లో యాప్ నిన్న వాన లేదంది, మా ఉప్పల్‌లో దంచికొట్టింది.

దక్కన్ వానలెక్క:

సగటు ముప్పై ఏళ్ళ కిందటిది కాదు, ముప్పై ఏళ్ళది. ఇప్పుడు వాడేది 1991 నుంచి 2020 దాకా. పదేళ్ళకోసారి జరుపుతారు.

ఇక మీ యాప్ విషయం. ఇక్కడి వాన చాలాసార్లు సాయంత్రం వేడికి పైకి లేచిన మేఘం నుంచి పడుతుంది, ఆ మేఘం వెడల్పు కొన్ని కిలోమీటర్లే. ఉప్పల్‌లో మోకాలి లోతు నీళ్ళుంటే మెహదీపట్నంలో దుమ్ము రేగుతుంటుంది. టీవీలో చెప్పే హైదరాబాద్ అంకె మామూలుగా బేగంపేటది. పైగా వాతావరణ శాఖ వాన లెక్కలో ఒక రోజంటే పొద్దున 8.30 నుంచి మర్నాడు 8.30 దాకా, కాబట్టి మంగళవారం సాయంత్రం పడ్డ వాన బుధవారం లెక్కలో కనిపిస్తుంది. దీనికి కూడా జనం శాఖని తిడుతుంటారు.

మారడం మాత్రం మారింది, కాదనను. 2023 చూడండి. జూలై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మి.మీ., హైదరాబాద్‌కి ఏడాదిలో పడే దాంట్లో మూడొంతులు! వెంటనే ఆగస్టు ఎండగట్టింది, దేశం మొత్తం మీద 1901 తర్వాత అంత పొడి ఆగస్టు లేదు. వానాకాలం మొత్తం లెక్క చూస్తే రెండూ కలిసి మామూలు వానాకాలంలానే కనిపిస్తాయి.

సైట్ మీదే ఉంటా:

మూడో ప్రశ్న మిగిలిపోయింది, పై అంతస్తు వేడి. స్లాబ్ పైన వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక తెల్ల కూల్ రూఫ్ పెయింటో తెల్ల టైల్సో వేయండి. 2023లో ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం కూడా తెచ్చింది. నల్లబారిన సిమెంట్ మేడ మీద మే మధ్యాహ్నం చెప్పుల్లేకుండా నడవలేం, తెల్లగా ఉంటే నడవొచ్చు, ఆ తేడా కింద గదిలో కూడా తెలుస్తుంది. పడమటి గోడకి పెద్ద కిటికీ వద్దు, వాస్తు ఏమన్నా సరే. అమ్మానాన్నలకి కింది అంతస్తు ఇవ్వండి. వాటర్‌ప్రూఫింగ్ మాత్రం మార్చి, ఏప్రిల్‌లోనే, ఎండలో బాగా ఆరాకే. మేలో వచ్చే గాలివానలకే లీకులు బయటపడతాయి, జూన్ లోపు సరిచేసుకోవచ్చు.

నాగారం కొత్తిల్లు:

చాలా థ్యాంక్స్ అందరికీ. శ్రావణంలో పూజ, దసరా తర్వాత తవ్వకం, 10 వేల సంపు, రెండు పైపులు, తెల్ల మేడ. ఈలోపు వచ్చే మొదటి పెద్ద వానకి ప్లాట్ దగ్గరికి వెళ్ళి నిలబడి వీడియో తీసి ఇక్కడే పెడతా. సంపు వాకిట్లో పెడదామా, వెనకనా?

చాంద్రాయణగుట్ట పాత కాపు:

వాకిట్లోనే, ట్యాంకర్ పైపు అందేలా. మూత వీధి మట్టం కంటే అడుగు ఎత్తున ఉండాలి, లేకపోతే రోడ్డు నీళ్ళు అందులోకే వస్తాయి. చిన్న పిల్లలున్నారన్నారు, మూతకి తాళం మర్చిపోకండి.